మూడు కత్తెరలు

మా అమ్మాయి జుట్టు మీద దానికంటే నాకే ఎక్కువ హక్కు ఉన్నట్టు తొమ్మిదేళ్ళు బతికాను. ఆదివారం నూనె గోరువెచ్చగా కాచి తలకు పట్టించడం, కుంకుడుకాయల పులుసుతో రుద్దడం, బాల్కనీలో ఎండకు కూర్చోబెట్టి చిక్కు తీయడం, ఇవన్నీ నా పనులు. హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో, ఫోన్ తెర మీద ఏ బటన్ ఎక్కడుండాలో, ఏ రంగులో ఉండాలో తేల్చే డిజైనర్ ఉద్యోగం నాది. వారమంతా వాటితో తలకాయ వేడెక్కితే, ఆదివారం పొద్దున ఆ జుట్టే నాకు ఆటవిడుపు. నడుము దాటిన జడ. మణికొండలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరు కలిసినా, "పాప జుట్టుకి ఏం వాడతారండీ?" అని అడిగేవాళ్ళు. నాదేం లేదన్నట్టు నవ్వేదాన్ని గానీ, ఆ రోజంతా ఒళ్ళు తేలిగ్గా ఉండేది.

కాబట్టి ఆ జుట్టు పోయిన కథ నేను చెప్తే అందులో కొంచెం కోపం వినబడుతుంది. విన్నవాళ్ళంతా ఎంత ధైర్యం ఉన్న పిల్లండీ అంటారు. నిజమే, పిల్లకు ధైర్యం ఉంది. ఆ ధైర్యం పక్కన నేనెక్కడ నిలబడ్డానన్నదే నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

మా అత్త మాతోనే ఉంటుంది. కడప దగ్గర పల్లె ఆమెది. మనవరాలు పుట్టినప్పుడు సాయానికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మా అమ్మాయికి అవ్వ తర్వాతే ఎవరైనా. బడి బస్సు దిగి ఇంట్లోకి వచ్చిందంటే బూట్లు విప్పకముందే అవ్వ మంచం ఎక్కేది. ఆ రోజు బళ్ళో ఎవరు ఎవరిని తిట్టారో, ఎవరి డబ్బాలో ఏముందో అవ్వకు చెప్పాకే నాకు చెప్పేది. కొన్నిసార్లు నాకు చెప్పేది కూడా కాదు.

రెండేళ్ళ కిందట వానాకాలంలో మా సందులో సెల్లార్లన్నీ నీళ్ళతో నిండి వారం దాకా ఖాళీ కాలేదు. తర్వాత ఇంటికొకరు జ్వరమని మంచమెక్కారు. మా ఇంట్లో అత్త పడింది. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మూడో రోజుకు ఐసీయూలోకి మార్చారు. మా ఆయన అక్కడ, నేను ఇక్కడ. పూటకోసారి ఫోన్ చేసి ఆయన అంకె చెప్పేవాడు. పిల్ల ముందు ఏమీ మాట్లాడుకోకూడదని అనుకున్నాం గానీ, రెండు గదుల ఇంట్లో ఏ మాట ఎక్కడ దాగుతుంది? "ఇంకా తగ్గాయంట" అని నేను ఫోన్లో గొణిగినప్పుడల్లా అది వంటింట్లో దేవుడి గూడు ముందు నిలబడి ఉండేది. దీపం పెట్టడం అవ్వ నేర్పిన అలవాటే కదా అని నేను పట్టించుకోలేదు.

అయిదో రోజు అంకె పెరిగింది. తొమ్మిదో రోజు అత్త ఇంటికి వచ్చింది. ఇంకో వారానికి మజ్జిగన్నం నుంచి చారన్నానికి మారింది. ఆ సాయంత్రం నలుగురం కలిసి తింటుంటే పిల్ల అడిగింది.

"అమ్మా, మనం కొండకి ఎప్పుడు పోతాం?"

కొండంటే మా ఇంట్లో తిరుమలే. "ఎందుకు?" అన్నాను.

"అవ్వ బాగై ఇంటికొస్తే నా జుట్టంతా ఇస్తానని దేవుడికి చెప్పా."

అత్త చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మా ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు. ఎంత మంచి పిల్లవే అని దగ్గరికి తీసుకోవాల్సిన చోట నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"ఎవరూ చెప్పమనలేదు. నేనే చెప్పా."

ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో ఇదే వ్యవహారం. నా దగ్గర మంచి ఉపాయమే ఉంది. కొండ మీద ఆడవాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి గుండే చేయించుకోనక్కర్లేదు. జుట్టు కొసలు మూడుసార్లు కత్తిరించి ఇస్తే చాలు. మూడు కత్తెరలు ఇవ్వడం అంటారు. మా అమ్మ అలాగే ఇచ్చింది, నేనూ అలాగే ఇచ్చాను. బయటికి వచ్చాక చూస్తే ఎంత పోయిందో మనకే తెలియదు. ఇదంతా పిల్లకు విడమరిచి చెప్పాను. అది శ్రద్ధగా వింది.

"నువ్వు ఏమని మొక్కుకున్నావు?"

"ఉద్యోగం వస్తే మూడు కత్తెరలు ఇస్తానని."

"నువ్వు మూడన్నావు, మూడిచ్చావు. నేను జుట్టంతా అన్నా కదమ్మా."

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను. అదీ పనిచేయలేదు. పుప్పాలగూడలో మేం శనివారాలు వెళ్ళే చిన్న గుడి పూజారి దగ్గరికి పోయి అడిగాను. చిన్నపిల్లలు తెలియక మొక్కుకున్నదానికి దోషం ఉండదమ్మా, కొసలిస్తే చాలని ఆయన చెప్పాడు. కోర్టు నుంచి స్టే తెచ్చుకున్నట్టు సంబరంగా ఇంటికొచ్చాను. పిల్ల అంతా విని, "నేను మాటిచ్చింది ఆయనకి కాదు కదా" అని మళ్ళీ హోంవర్కులో పడింది.

అత్త కూడా తనకు తోచిన దారి చెప్పింది. "మొక్కుకునింది నా కోసం. నా ఎంటికలే ఇస్తాలే పాపా. ఉండేది నాలుగు, అవి పోతే పోయినాయి."

"నీది నువ్వు మొక్కుకో అవ్వా. ఇది నాది."

మా ఇంట్లో పనిచేసే ఆమెది పాలమూరు వైపు. ఈ రభస అంతా నెల రోజులుగా వింటోంది. ఒకరోజు గిన్నెలు తోముతూనే అడిగింది. "ఏంది మేడం, గింత పరేషాన్ అయితున్రు? ఎంటికలే గద, మల్లొస్తయ్. మా ఊర్ల ఆడపిల్లకు గుండు జేపిస్తే ఎవలన్న నవ్వుతరా?"

"మీ ఊళ్ళో నవ్వరు. ఇక్కడ నవ్వుతారు."

"ఎవలు నవ్వుతరు?"

"అందరూ. మా ఆఫీసులో కూడా."

"మీ ఆఫీసుకు వొయ్యేది మీరు గద, పాప గాదు గద" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు టీ కూడా ఇవ్వకుండా పంపించాను. మర్నాడు సిగ్గుపడి రెండు కప్పులు ఇచ్చాను.

దసరా సెలవుల్లో అత్తను కూడా తీసుకుని బయల్దేరాం. కూకట్‌పల్లి బజారులో ముందే ఒక టోపీ కొని సంచిలో పెట్టుకున్నాను. అంటే ఓడిపోతానని నాకు తెలుసు. అయినా చివరి దాకా ప్రయత్నం మానలేదు. తలనీలాలు తీసే కల్యాణకట్టలో ఆడవాళ్ళ వైపు మా వంతు వచ్చినప్పుడు, పిల్ల కంటే రెండడుగులు ముందు వెళ్ళి, అక్కడ కూర్చున్న ఆమె చెవిలో, "మూడు కత్తెరలే తీయమ్మా" అన్నాను. ఆమె సరేనని తలూపింది. పిల్ల వచ్చి తడి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. జడ విప్పి నీళ్ళతో తడుపుతూ, ఆమె పనివాళ్ళ అలవాటు కొద్దీ అడిగేసింది. "ఎంత తీసేది పాపా?"

"అంతా."

ఆమె తలెత్తి నా వైపు చూసింది. పిల్ల కూడా చూసింది. దాని గొంతు గట్టిగానే ఉంది గానీ, మోకాళ్ళ మీద చేతులు వణుకుతున్నాయి. ఆమె చేతిలోని బ్లేడు చూసి భయపడింది. నాకు కనిపించింది. పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకోవడం ఎంతసేపు పని? నేను మాత్రం, "నీ ఇష్టం, ఏమన్నా చేసుకో" అని బయటికి నడిచాను.

వెనక నుంచి అత్త మూలుగు వినిపించింది. మోకాళ్ళు వంగని మనిషి, ఆ తడి నేల మీద పిల్ల పక్కన చతికిలబడింది. తర్వాత ఏం జరిగిందో అత్త చెప్తే విన్నదే. పిల్ల ఏడవలేదట. అవ్వ చెయ్యి మాత్రం గోళ్ళు దిగేలా పట్టుకుందట.

నేను బయట మెట్ల దగ్గర నిలబడి ఫోన్ తీశాను. రెండు వారాలు ఇంటి నుంచి పనిచేస్తానని మేనేజరుకు మెసేజ్ రాశాను. పిల్లకు జ్వరమని బడికి చెప్పి, కాస్త జుట్టు మొలిచేదాకా ఇంట్లోనే ఉంచేయాలని నా ఆలోచన. ఒక అక్షరం తప్పు పడితే దిద్దుకుని మరీ పంపించాను. కంట్లో చుక్క నీరు లేదు.

వాళ్ళిద్దరూ బయటికి వచ్చారు. గుండు మీద గంధం. చెవులు పెద్దవిగా, మనిషి బాగా చిన్నదిగా కనిపించింది. మెట్ల మీద జనంలో అటూ ఇటూ వెతికి, నన్ను చూసి నవ్వింది. "అమ్మా, తలకి గాలి తగుల్తోంది" అంది. నేను సంచిలోంచి టోపీ తీసి ఇచ్చాను. అది పెట్టుకుంది. దర్శనం వరుసలోకి వెళ్ళే ముందు తీసి అవ్వ చేతికిచ్చింది.

జ్వరం ఉపాయం కూడా పారలేదు. "నాకు జ్వరం లేదు కదా" అని సెలవులయ్యాక మొదటి రోజే బస్సెక్కింది. టోపీ ఇంట్లో వదిలేసి వెళ్ళింది. బస్సులో నవ్వారు, పేర్లు పెట్టారు. "మా అవ్వ కోసం ఇచ్చా" అని అడిగినవాళ్ళకల్లా చెప్పిందట. అడిగి అడిగి వాళ్ళకే విసుగొచ్చింది. టీచరు ఒకామె నాకు ఫోన్ చేసి, పాపకి ఆరోగ్యం బాగానే ఉందా అని మెల్లగా అడిగింది. ఆఫీసులో అద్దాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, "మొక్కండీ" అన్నాను, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు.

మనుషులు మెచ్చుకోవడం మొదలుపెట్టాక నా మాట మారింది. ఆఫీసు క్యాంటీన్లో ఈ కథ నేనే గర్వంగా చెప్పసాగాను. నేను తీరిక దొరికితే వేసే బొమ్మలు తెలిసిన ఒకావిడ కూకట్‌పల్లిలో తన ఫ్లాట్ నుంచే పిల్లల పుస్తకాలు వేస్తుంది, ఎడిటరూ తనే. ఆవిడది కోస్తా. టీ తాగుతూ ఈ కథ విని కప్పు కింద పెట్టేసింది. "ఇది బొమ్మల పుస్తకమండి. ఇంకెవరికీ చెప్పకండి, మీరే వేసి ఇవ్వండి" అంది.

ఆదివారాలు ఎలాగూ ఖాళీ. నూనె కాచే పని లేదు. ఆరు నెలలు కూర్చుని వేశాను. పేజీకి ఒక బొమ్మ, కింద రెండు వాక్యాలు. దేవుడి గూడు ముందు చేతులు కట్టుకున్న పిల్ల, ఆసుపత్రి మంచం మీద అవ్వ, కొండ దారి మలుపులు, అన్నీ సులువుగానే వచ్చాయి. కల్యాణకట్ట పేజీలో పిల్ల కూర్చుని ఉంది. పక్కన నేను కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాను. అత్తను వెనక్కి జరిపి, దండం పెడుతూ నిలబెట్టాను. కింద రాశాను: "అమ్మ తన చేయి గట్టిగా పట్టుకుంది. ఇక భయం వేయలేదు."

అబద్ధం రాస్తున్నానని ఆ క్షణాన నాకు నిజంగా అనిపించలేదు. ఆ పేజీలో తల్లి ఉంటే బాగుంటుంది, ఉంచాను. చూసేవాళ్ళ కన్ను ఎక్కడికి పోతుందో అక్కడ పెట్టాల్సింది పెట్టడం నా ఉద్యోగమే కదా. ఎడిటరుగారు ఆ పేజీ చూసి ఫోన్ చేసింది. "ఇక్కడ ఏడుపొచ్చేసిందండి. తల్లంటే మీలా ఉండాలి." నేను థాంక్యూ అన్నాను.

అచ్చుకు పోయేముందు చూసుకోవడానికి ఒక ప్రతి పంపింది. ఆదివారం మధ్యాహ్నం. అత్తకు చిన్న అక్షరాలు ఆనవు కాబట్టి, మంచం మీద పక్కన కూర్చుని పిల్ల చదివి వినిపిస్తోంది. అప్పటికి దాని జుట్టు చెవులు దాటి మెడ దాకా వచ్చింది. నేను ఎదురుగా ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. అత్త తన బొమ్మ చూసుకుని, "ఏందే, నా ముక్కు ఇంత పొడుగుంటాదా?" అని నవ్వింది. పిల్ల కూడా నవ్వింది. కల్యాణకట్ట పేజీ వచ్చింది. పిల్ల ఆగింది. బొమ్మను కాసేపు చూసింది. చదవకుండా పేజీ తిప్పేసి తర్వాతి వాక్యం అందుకుంది.

"ఒక పేజీ వదిలేశావు" అన్నాను.

"తెలుసు."

"మరి చదువు."

"అది నేను చదవనమ్మా."

అత్త పుస్తకం లాక్కుని కళ్ళజోడు సర్దుకుని ఆ బొమ్మను దగ్గరగా చూసింది. ఆమెకు అర్థమైంది. "పోనీలే పాపా, పుస్తకమే కదా" అంది.

"దేవుడికి ఇచ్చినదాని గురించి కదా అవ్వా. అప్పుడు జరగనిది ఎట్లా చదవాలి?"

నాకు చర్రున కోపం వచ్చింది. కథంటే జరిగింది జరిగినట్టు రాయరని, పుస్తకాలు వేసేవాళ్ళకు తెలుసని, పిల్లలు పిల్లల్లా ఉండాలని ఏమేమో అన్నాను. అది అంతా విని, మెల్లగా అంది.

"సరే అమ్మా. అయితే అది నేను కాదని రాయి."

బట్టలు అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడిచాను. ఏడాదిగా నేను జుట్టు పోయిందనే బాధపడుతున్నానని అనుకున్నాను. నా బిడ్డ వణుకుతుంటే చూసి కూడా వదిలేసి వచ్చాను. అది నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆరు నెలలు కూర్చుని, ఆ చోట నన్ను అంత అందంగా గీసుకున్నాను. చాలా సిగ్గేసింది. ఎవరో చూసినందుకు కాదు, నా పిల్ల చూసినందుకు.

ఎడిటరుగారికి ఫోన్ చేసి అచ్చు ఆపమన్నాను. ఏ పేజీ మారుస్తానో చెప్పాను.

"అమ్మ బయట ఉండడమేంటండి? ఆ పేజీయే కదా పుస్తకానికి ప్రాణం. చదివేవాళ్ళు మిమ్మల్ని అపార్థం చేసుకుంటారు."

"అపార్థమేం కాదండీ. అదే జరిగింది."

ఆవిడ, "రెండు రోజుల్లో పంపించండి, చూసి చెప్తాను. మాటివ్వలేనండి" అంది. సరేనన్నాను.

మర్నాడు ఆఫీసు నుంచి రాగానే, భోజనాల బల్ల మీద బొమ్మలు వేసే ట్యాబ్లెట్ పెట్టుకుని కూర్చున్నాను. నన్ను చెరిపేశాను. ఆ చోట అత్తను కూర్చోబెట్టాను, వంగని మోకాళ్ళతో, తడిసిన చీరతో. రెండు చేతులు పట్టుకున్న చోట గోళ్ళు దిగినట్టు వేశాను. తర్వాత పేజీ అంచున ఒక గుమ్మం గీసి, దాని అవతల నన్ను నిలబెట్టాను, వీపు ఇటు తిప్పి. కింద రాయాల్సింది రాశాను. పక్క కుర్చీలో లెక్కలు చేసుకుంటున్న పిల్లను పిలిచి చూపించాను.

చాలాసేపు చూసింది. అవ్వ చేతిని వేలితో తాకింది. తర్వాత వేలు గుమ్మం దగ్గరికి వచ్చింది.

"నువ్వు ఏడుస్తున్నావని తెలియట్లేదు అమ్మా. ముఖం ఇటు తిప్పు."

నేను చూడలేక, ఏడవడానికే బయటికి వెళ్ళానని అది ఏడాదిగా అనుకుంటోంది. నా తరఫున ఆ సాకు తనే వెతికి పెట్టుకుంది. ఉండనిస్తే ఉండిపోయేది. ముఖం తిప్పి, చెంప మీద రెండు చుక్కలు పెడితే పని అయిపోయేది.

"ఏడవలేదు నాన్నా" అన్నాను. "ఫోన్ చూసుకుంటున్నా. నిన్ను బడికి పంపకుండా ఇంట్లో దాచిపెట్టాలని ఆఫీసుకు మెసేజ్ పెడుతున్నా. సిగ్గేసింది నాకు."

"నన్ను చూసి సిగ్గేసిందా?"

"అవును."

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బ్లేడు కింద ఏడవని పిల్ల. చెయ్యి చాపాను గానీ దగ్గరికి రాలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందనుకున్నాను. ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ బొమ్మ వైపు చూసింది.

"అయితే చేతిలో ఫోన్ వేయి" అంది.

నేను వేయడం పూర్తయ్యేదాకా నా పక్కనే నిలబడింది.